పొగమంచు మొక్కయు నాబోతు తోటయు

ధ్యానభాగము: 1 రాజులు 21:1–19



అహాబు రాజు నాబోతును అడిగిన మాట వినుటకు న్యాయముగానే యున్నది. తోట తన నగరును ఆనుకొని యున్నది, కూరతోటకు అనుకూలము, దానికి బదులు ఇంకను మంచి తోట యిచ్చును, అక్కరలేదన్నచో రొక్కమిచ్చును. ఇంత మర్యాదగా అడుగు భూస్వాములను మన గ్రామములలో ఎందరిని చూచితిమి? అయినను అది నాబోతు పితరుల స్వాస్థ్యము. రాజు దాని వెల చూచెను గాని, అది అక్కడ ఎందుకున్నదో చూడలేదు.

ఈ మాసము ఆ తోటను ధ్యానించుచు మేము ఒక చిన్న ముండ్ల మొక్కను గూర్చి వ్రాయుచున్నాము. దాని పేరు కోపియాపోవా. దక్షిణ అమెరికాలో చిలీ దేశపు ఉత్తర భాగమున, అటకామా ఎడారి సముద్రతీరమున తప్ప అది మరెక్కడను తనంతట తాను మొలవదు. అక్కడి కోపియాపో పట్టణమును బట్టి దానికా పేరు వచ్చినది. మన పొలముల గట్లమీద పెరుగు నాగజెముడు దీనికి దూరపు చుట్టము. అదియు అమెరికా ఖండమునుండి వచ్చినదే. (పరిశుద్ధ దేశపు చిత్రములలో నాగజెముడు కంచెలు కనబడుచుండును గాని, ప్రభువు నడచిన దినములలో ఆ మొక్క అక్కడ లేదు. 1492 తరువాతనే అది సముద్రము దాటినది.)

అటకామాలో కొన్నిచోట్ల ఏండ్ల తరబడి చెప్పుకోదగిన వాన కురియదు. అయితే సముద్రముమీదనుండి దట్టమైన పొగమంచు కొండలమీదికి వచ్చును. అక్కడివారు దానిని కమంచాకా అందురు. రాళ్లమీదను ముండ్లమీదను నిలుచు ఆ చెమ్మయే ఈ మొక్కకు ఆధారము. పగటి యెండలో అది తన శ్వాసరంధ్రములను మూసికొని, రాత్రి చల్లదనములో తెరచును. ఒంటిమీద బూడిదవంటి తెల్లని మైనపుపూత యుండును. అది యెండనుండి కాపాడును. కొన్ని జాతులు సూర్యుడుండు ఉత్తర దిక్కునకు తలలు వంచి, కొండవాలున బారులు తీరి నిలిచియుండును. నడినెత్తిన నూగులోనుండి పసుపు పువ్వు పూయును. ఎదుగుదల బహు మెల్లన. పిడికెడంత మొక్క మనకంటె పెద్దది కావచ్చును. అరణ్యములో ఇశ్రాయేలీయులు ఏ దినపు మన్నా ఆ దినమే కూర్చుకొనిన సంగతి మనకు తెలియును. వారు నలువది యేండ్లు అట్లు బ్రదికిరి. ఈ మొక్కలలో కొన్ని నూరేండ్లు దాటినవి.

దీనిని జనులు పెంచునది అందము కొరకే. అందమును ప్రేమించుట పాపమని మేము చెప్పము. అడవి పువ్వులను చూడుమని చెప్పినవాడు మన ప్రభువే. కాని 2020 ఫిబ్రవరిలో ఇటలీలోని సెనిగాలియా పట్టణమున రక్షకభటులు ఒక యింటిని సోదాచేయగా, చిలీ ఎడారినుండి పెకలించి తెచ్చిన మొక్కలు వెయ్యికి పైగా దొరికినవి. వాటి వెల పది లక్షల డాలర్లకు మించునని అంచనా. దాదాపు నూరు చనిపోయినవి. 2021లో ఎనిమిది వందలకు పైగా చిలీకి తిరిగి పంపిరి. అయినను వాటిని తిన్నగా కొండలమీద నాటుటకు వీలుకాలేదు. ఏ మొక్క ఏ వాలునుండి వచ్చినదో ఎవరు చెప్పగలరు?

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము 2024లో తెలిపిన ప్రకారము కోపియాపోవా జాతులలో నూటికి 82 నశించు ప్రమాదములో నున్నవి. 2013లో ఆ లెక్క 55. బాటలును ఇండ్ల కట్టడములును కొంత కారణము. దొంగ వ్యాపారము మరియొక కారణము.

ఇక్కడ కొనువారిని గూర్చి ఒక మాట చెప్పవలెను. తోటలో విత్తనమునుండి పెంచిన మొక్క పచ్చగా నుండును. ఎడారినుండి తీసినది బూడిదరంగున, దుమ్ము పట్టినట్లుండును. తేడా తెలియుట కష్టము కాదు. అధిక వెల యిచ్చువారు కోరునది ఆ బూడిదరంగునే. నాబోతు విషయమై తాకీదులు వ్రాసినది యెజెబెలు, అబద్ధసాక్ష్యము పలికినవారు వేరు, రాళ్లు రువ్వినవారు వేరు. అహాబు చేసినది తోటలోనికి వెళ్లి స్వాధీనపరచుకొనుట మాత్రమే. అయినను ఏలీయా ఆ యింటివారిలో ఎవరియొద్దకు పంపబడెనో మరల చదువుడి.

మొక్కలయందు ముచ్చట గలవారు మన సంఘములలోను ఉన్నారు. కడియము తోటలనుండి కుండీలు తెచ్చుకొనువారిని మేమెరుగుదుము. ఈ జాతి కావలెనన్నచో విత్తనమునుండి పెంచినదేనా అని అమ్మువానిని అడుగుడి. లేదా విత్తనమే తెప్పించి నాటుడి. ముతక యిసుక, చిన్న గులక, కొద్దిపాటి మాగిన యెరువు కలిపి, అడుగున రంధ్రమున్న కుండీలో పైపైన చల్లవలెను. మొలకెత్తువరకు తడియుండవలెను, నేరుగా ఎండ తగులరాదు. ఎదిగిన తరువాత వెలుతురును గాలియు బాగుగా నుండి, మన్ను పూర్తిగా ఆరినప్పుడే నీరు పోయవలెను. మన వేసవి ఉడుకులో అది ఎదుగుట మాని నిద్రించును. జాలిపడి నీరు పోసినచో వేరు కుళ్లును. వానకాలమున చూరు క్రింద పెట్టుడి. ఏడాది గడిచినను అది బఠాణీగింజంతయే యుండవచ్చును, పువ్వు చూచుటకు చాల యేండ్లు పట్టును. మనుమలు తిందురని మామిడి టెంక నాటు పెద్దలు మన యిండ్లలో ఉన్నారు గదా, వారికి ఈ పని అప్పగింపవచ్చును.