సువార్త వినకుండ పోయినవారు

1878వ సంవత్సరము జూలై 3వ తేదీన ఒంగోలు ప్రాంతమందు గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కరవుకాలమున బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో క్లౌ దొరగారి క్రింద కూలిచేసి బ్రదికినవారు వారిలో ననేకులు. మరి అదే కరవులో, సువార్త చెవిని పడకముందే కన్నుమూసిన వారి తలిదండ్రులో? ఈ ప్రశ్న నేటికిని మన సమాధుల యొద్ద వినబడుచునే యున్నది.

కొందరు తడుముకొనక "నరకమే" అందురు. అంత సులువుగా పలుకు నోటికి ఆ యింటివారి కన్నీరు తెలియదు. మరికొందరు 1 పేతురు 3:19 చూపి, చనిపోయిన పిమ్మట మరియొక తరుణము కలదందురు. ఆ వచనపు భావమును గూర్చి పండితులలోనే ఏకాభిప్రాయము లేదు. దానిపై ఇల్లు కట్టుటకు మాకు ధైర్యము చాలదు.

తేటగా నున్న మాటలు వేరే యున్నవి. సొదొమకొరకు వేడుకొనునప్పుడు అబ్రాహాము దేవుని న్యాయమునే ఆధారము చేసికొనెను (ఆది. 18). ధర్మశాస్త్రము లేనివారికిని మనస్సాక్షి కలదనియు, తీర్పు క్రీస్తుద్వారా జరుగుననియు పౌలు బోధించెను (రోమా. 2:14-16). ఆ తీర్పరి చేతులలో మేకుల గుర్తులున్నవి. అట్టివానికి మన తాతలను అప్పగించుటకు భయమేల?

అట్లయిన ప్రకటించుట యెందుకని యడుగుదురు. రక్షణపొందువారు కొద్దిమందియేనా యని యొకడు అడిగినప్పుడు ప్రభువు లెక్క చెప్పలేదు. ఇరుకు ద్వారమును చూపి, ప్రశ్నను అడిగినవాని వైపునకే త్రిప్పెను (లూకా 13:23, 24). ఆ మనుష్యుడు పిమ్మట ఏమి చేసెనో లూకా వ్రాయలేదు.