మేము అడిగిన కుక్క

పోయినేడాది వానాకాలంలో ఒక కుక్కని దత్తత తెచ్చుకుని, పదకొండో రోజున వెనక్కి ఇచ్చేశాను. "మేము అడిగింది ఇలాంటి కుక్కని కాదండీ" అని చెప్పాను. అందులో అబద్ధమేమీ లేదు. అయినా ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

తెచ్చుకునే ముందు ఫారం నింపాను. ఎంత సైజు కావాలి, మొరిగితే ఓర్చుకోగలరా, బొచ్చు రాలితే పర్లేదా. మ్యాట్రిమోనీ సైటు లాంటిదే, కాకపోతే అవతలి పక్షాన్ని ఎవరూ అడగరు. "నెమ్మదిగా ఉండాలి, ఒంటరిగా ఉండగలగాలి" అని రాశాను. ఇచ్చింది రెండేళ్ల ఆడకుక్క, మన వీధికుక్కే. షెల్టర్లో ఓ మూల ముడుచుకుని పడుకునేది. ఇంటికొచ్చాక నేను ఆఫీసుకి బయల్దేరగానే మొదలుపెట్టి, సాయంత్రం దాకా తలుపు గీరుతూ ఏడ్చేది. షెల్టర్లో మేం నెమ్మది అనుకున్నది భయం కావచ్చు.

ఇలా జత కుదర్చడం కొత్తేమీ కాదు. అమెరికాలో ఏఎస్‌పీసీఏ సంస్థ 'మీట్ యువర్ మ్యాచ్' పేరుతో కుక్కల స్వభావాన్నీ, మనుషుల జవాబుల్నీ ఊదా, నారింజ, ఆకుపచ్చ రంగులుగా విడగొట్టి జత చేసే పద్ధతి తెచ్చింది. మరోపక్క, షెల్టర్లలో చేసే స్వభావ పరీక్షలు బొమ్మాబొరుసు కన్నా మెరుగు కావని ప్యాట్రొనెక్, బ్రాడ్లీ 2016లో వాదించారు. జాతిని చూసి ఎంచుకుందామన్నా, కుక్కకీ కుక్కకీ మధ్య ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతి వివరించగలిగేది 9 శాతమేనని 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన.

ఉద్యోగరీత్యా నేను రాసేదీ ఇలాంటి కోడే కాబట్టి, తప్పంతా కుక్క వైపు డేటాదే అని సరిపెట్టుకోవచ్చు. కానీ నా వైపు డేటా? "రోజుకి ఎన్ని గంటలు ఒంటరిగా ఉంటుంది?" అన్నచోట నాలుగు అని వేశాను. నిజానికి తొమ్మిది. కావాలని ఆడిన అబద్ధం కాదు, త్వరగా ఇంటికొచ్చే మనిషిని అవుతానని అప్పుడు నమ్మాను.

అసలు అడగకుండా ఇచ్చేయాలని అనను. రోజంతా పరిగెత్తాల్సిన కుక్కని రెండు గదుల ఫ్లాటులో పడేస్తే నలిగేది కుక్కే. కానీ ఇష్టం వేరు, వీలు వేరు. బొచ్చు రంగు ఇష్టం, తొమ్మిది గంటలు వీలు. ఫారంలో ఈ రెండూ పక్కపక్కనే, ఒకే సైజు గళ్ళలో ఉంటాయి.

మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్కని ఆయన ఎంచుకోలేదు, అదే వెంటపడింది. దాన్ని వదిలి రథం ఎక్కమని ఇంద్రుడంటే, నమ్ముకుని వచ్చినదాన్ని వదలనన్నాడు. దాని గుణగణాలు చర్చకే రాలేదు. (ఆయనకి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు లేదన్నది వేరే సంగతి.) గుమ్మం దాటనిదాకా నా ఇష్టం ఒక కారణమే. దాటి లోపలికొచ్చి, నా చెప్పుల పక్కన పడుకోవడం అలవాటయ్యాక, "మేము అడిగింది ఇది కాదు" అన్నది దేనికి జవాబు? వీలుకాలేదంటే అది జవాబే. అదైనా నిజమేనా? వారానికి రెండ్రోజులు ఇంటినుంచి పనిచేస్తానని మేనేజర్ని అడగొచ్చు. అడగలేదు.

దాన్ని తర్వాత ఒక రిటైరైన జంట తీసుకెళ్ళారట, వాళ్ళింట్లో ఇంకో కుక్క కూడా ఉందట. షెల్టర్ వాళ్ళు ఫోటో పంపారు. రెండూ ఒకే గోనెసంచి మీద పడుకుని ఉన్నాయి. నెమ్మదిగానే కనిపించింది.