తిరగటి రాయి



హోసూరు, కృష్ణగిరి తెలుగు సహవాసములనుండి మేము ఒక బస్సు మాట్లాడుకొని, చెన్నై దాటి ముట్టుకాడులోని దక్షిణచిత్రకు వెళ్లివచ్చాము. దక్షిణాది పల్లెల పాత ఇండ్లను విప్పి తెచ్చి, తిరిగి కట్టి నిలిపిన స్థలమది. 1996లో ప్రజలకు తెరిచారు. తెలుగువారి భాగానికి వచ్చేసరికి మా నడక మందగించింది. కొయ్యలగూడెం నేతగాని ఇల్లు, కోస్తా గాలివానలకు తట్టుకొనే చుట్టిల్లు. సిప్కాట్ పనులకు వచ్చి అద్దె గదులలో ఉంటున్న మన పిల్లలు కొందరు చుట్టిల్లు చూడడం అదే మొదలు.

ఒక తిరగలి దగ్గర, కుప్పం వైపునుండి వచ్చిన అవ్వ కూర్చుండిపోయింది. "ఇట్లాంటిదే మా అమ్మది. కరువొచ్చిన యేడు అప్పిచ్చినాయన ఎత్తుకపోయినాడు. రాగులు విసిరేదానికి పక్కింటికి పోతా ఉంటిమి" అంది. మేమందరము ఆ అప్పులవాణ్ణి తిట్టుకొన్నాము.

ద్వితీయోపదేశకాండము 24:6 అప్పుడు జ్ఞాపకమునకు వచ్చినది. తిరగటిని గాని, దాని పైరాతిని గాని తాకట్టు పట్టకూడదు. పైరాయి ఒక్కటి పోతే చాలు, కింది రాయి ఉండీ లేనట్టే. ఏ పూట పిండి ఆ పూట విసురుకొనే ఇంట రాయి పోతే రొట్టె పోయినట్టే గనుక, అది ప్రాణమును పట్టుకొనుటేనని ధర్మశాస్త్రము ఎంచినది. 10, 11 వచనములు కూడ చూడండి. అప్పిచ్చినవాడు బయటనే నిలవాలి, బాకీదారుడే వస్తువు తెచ్చి ఇవ్వాలి. అప్పు వద్దని గాని, తాకట్టే వద్దని గాని అక్కడ లేదు. బీదవాని గడపకు మాత్రము మర్యాద ఉన్నది.

తిరుగు ప్రయాణములో వెనుక సీటునుండి ఒక సహోదరి, "అయ్యా, మన మందిరపు గదిలో ఉన్న కుట్టుమిషను సంగతేమిటి?" అని అడిగింది. ఎవరమూ మాట్లాడలేదు. పొదుపు సొమ్ములోనుండి అప్పు తీసుకొన్న ఒక విధవరాలి మిషను అది. వాయిదాలు తప్పినందున కమిటీగా మేమే తీర్మానించాము. సొమ్ము అందరిది గనుక న్యాయమే అనుకొన్నాము. ఆమె జాకెట్లు కుట్టి బ్రతుకుతుందని మాకు తెలుసు. గుమ్మము బయట నిలువలేదు కూడ. లోపలికి వెళ్లి మేమే మోసుకొచ్చాము.

సోమవారము ఉదయము మిషను తీసుకొని వెళ్లి, ఈసారి గడప బయటనుండి పిలిచాము. ఆమె తలుపు తెరచి, మమ్ములను కాదు, మిషనును చూచింది. బెల్టు ఊడిపోయి ఉన్నది. బాకీ అలాగే ఉంది. దానిని ఎలా తీర్చగలదో వచ్చే నెల ఆమెనే కూర్చోబెట్టుకొని మాట్లాడతాము.