దాసోహ ధనము - రాజకీయ వాక్కు

ధార్మిక సంస్థలు రాజకీయములను గూర్చి మాటలాడవచ్చునా? మాటలాడినచో ఎంతవరకు? ఎన్నికలు సమీపించినపుడెల్ల ఈ ప్రశ్న మన మఠముల ముంగిట నిలుచుచున్నది. అభ్యర్థులు వచ్చి స్వాములవారి పాదములకు మ్రొక్కుదురు. ఆ ఛాయాచిత్రము మరునాడు పత్రికల కెక్కును. ఆశీర్వాదమే ప్రచారమగును. ఈ విషయమును ఆవేశము లేక విచారించుట భక్తులకును, మఠములకును అవసరము.

ఈ ప్రశ్నకు చట్టరూపమున సమాధానము చెప్పజూచిన దేశములలో అమెరికా ముఖ్యమైనది. 1954లో టెక్సాస్ రాష్ట్రపు సెనేటరు లిండన్ జాన్సన్ ప్రతిపాదింపగా అచటి పన్నుల చట్టమున ఒక నిబంధన చేరినది. పన్ను మినహాయింపు పొందు చర్చిలు, ధర్మసంస్థలు ఎన్నికలలో ఏ అభ్యర్థి పక్షమునను ప్రచారము చేయరాదని దాని సారము. అభ్యర్థికి ప్రతికూలముగా చేయు ప్రచారము సైతము నిషిద్ధమేయని 1987లో స్పష్టపరచిరి. పేదరికము, యుద్ధము, వర్ణవివక్ష మొదలగు విషయములపై బోధించుటను మాత్రము ఆ నిబంధన అడ్డగింపలేదు.

1992లో న్యూయార్క్ రాష్ట్రములోని బింగ్‌హామ్‌టన్‌కు చెందిన ఒక చర్చి, అధ్యక్ష ఎన్నికకు నాలుగు దినముల ముందు, బిల్ క్లింటన్‌కు ఓటు వేయుట పాపమను భావము వచ్చునట్లు రెండు దినపత్రికలలో పూర్తిపుట ప్రకటన లిచ్చినది. ఆ ప్రకటన వ్యయమునకై పన్ను తగ్గింపు వర్తించు విరాళములను సైతము అందులోనే కోరినది. 1995లో పన్నుల శాఖ ఆ చర్చి మినహాయింపును రద్దుచేయగా, 2000లో అప్పీలు న్యాయస్థానము ఆ చర్యను సమర్థించినది. చర్చి నోరు ఎవ్వరును మూయలేదు; పన్ను రాయితీతో ఆ పని చేయరాదని మాత్రమే చెప్పుచున్నామని న్యాయస్థానపు తర్కము.

అయినను సరిహద్దు గీత ఎల్లపుడును స్పష్టముగా నుండదు. 2004 ఎన్నికలకు రెండు దినముల ముందు కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఒక చర్చి పూర్వ గురువు యుద్ధమును, దారిద్ర్యమును ఖండించుచు ప్రసంగించెను. ఎవరికి ఓటు వేయవలెనో చెప్పలేదు. పన్నుల శాఖ విచారణ జరిపి, 2007లో మినహాయింపును రద్దుచేయకయే ముగించినది. 2025 జూలైలో అదే శాఖ, ఆరాధన సమయమున చర్చి తన భక్తులతో మత విశ్వాసమునకు సంబంధించి పలుకు మాటలు ఎన్నికల జోక్యము క్రిందికి రావని టెక్సాస్ న్యాయస్థానమునకు విన్నవించినది. వాక్స్వాతంత్ర్యము గొప్పదని వాదించువారికి ఇది ఆనందము కలిగించినది.

వారి వాదమున బలము లేకపోలేదు. అన్యాయమును చూచి మౌనము వహించు ధర్మపీఠ మెందులకు? కాని ఇచట రెండు విషయములు కలగలసి పోవుచున్నవి. అన్యాయము అన్యాయమని చెప్పుట ఒకటి. ఫలానా వ్యక్తికి ఓటు వేయుమని చెప్పుట వేరొకటి. మొదటిది భక్తుని వివేకమును మేల్కొల్పును. రెండవది ఆ వివేకము స్థానమున గురువాజ్ఞను నిలుపును. మిత్రుని సలహాను మనము త్రోసివేయగలము. ఇష్టలింగమును కరమున నుంచిన గురుని మాటను త్రోసివేయుట సామాన్య భక్తునికి సాధ్యమా? అందుచేతనే పీఠమునుండి వెలువడు మాట ఇతరుల మాటవంటిది కాదు.

మన దేశమునను చట్టములు కలవు. మతము పేరిట ఓటు అడుగుటను 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము అవినీతి చర్యగా పరిగణించుచున్నది. అభ్యర్థి మతమే కాక ఓటరు మతమును సైతము ఇందు లెక్కకు వచ్చునని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 4-3 ఆధిక్యముతో తీర్పు చెప్పినది. ధార్మిక సంస్థల ఆవరణమును, నిధులను రాజకీయ కార్యములకు వినియోగింపరాదని 1988 నాటి చట్టము శాసించుచున్నది. అయినను చట్టభయముచే చేయు పని ధర్మము కాదు. మనకు మన ప్రమాణము వలయును.

ఆ ప్రమాణము బసవేశ్వరుని చరిత్రలోనే కలదు. ఆయన రాజ్యవ్యవహారమునకు దూరముగా నున్నవాడు కాడు. బిజ్జలుని భాండాగారమును నిర్వహించినవాడు. రాజధనమును జంగములకు పంచుచున్నాడని కొండెములు చెప్పగా బిజ్జలుడు ధనమును లెక్కింపించెననియు, ఒక్క మాడయు తక్కువ కాలేదనియు బసవపురాణ కథ. ఇది కేవలము మహిమ కాదు. పరుల సొమ్మును చేపట్టినవాడు ఏ క్షణమునైనను లెక్క చూపగలిగి యుండవలెనను బోధ. ఇక వర్ణవ్యవస్థను ఎదిరించుటలో ఆయన మౌనము వహింపలేదు. తన పలుకునకు మూల్యమును తానే చెల్లించి, కల్యాణమును విడిచి కూడలసంగమమునకు చేరెను. పరుల ధనము చాటున నిలిచి పలుకలేదు.

దాసోహమునకు వచ్చు ధాన్యము ఒక్క పక్షమువారి పొలమున పండినది కాదు. భక్తుడు కాయకముచే ఆర్జించి లింగము పేరిట అర్పించిన దానిని నాయకుని పేరిట వెచ్చించుట నమ్మకద్రోహము. పన్ను మినహాయింపు వలన ప్రభుత్వము వదలుకొన్న ధనము ప్రజలందరిదియు నగుటచే, ఆ ద్రోహము మఠము గడప దాటి పోవును. ఒక పక్షపు గుమ్మమునకు కట్టుపడిన జంగమము స్థావరమగును.

కావున మఠములు మాటలాడవలెను. మద్యమును, వరకట్నమును, కులగర్వమును, ఓటు అమ్ముకొనుటను నిర్భయముగా ఖండింపవలెను. ఎవరు అధికారమున నున్నను అదే మాట చెప్పగలిగిననాడు అది ధర్మవాక్కు. ఓటు ఎవరికి వేసినను భక్తుడు అదే పంక్తిలో కూర్చుండి అదే ప్రసాదమును తలవంపు లేక స్వీకరింపగలిగిననాడు అది మఠము. స్వామివారి ఇచ్ఛకు భిన్నముగా ఓటు వేసితినని ఒక్క భక్తుడు సంకోచించి వెనుదిరిగినను, ఆనాడు దాసోహము తప్పినట్లే.