వెల, విలువ

‘అప్రిషియేట్’ అని తేలిగ్గా అనేస్తాం. దాని లాటిన్ మూలానికి అర్థం వెల కట్టడం. అందుకే స్థలం ధర పెరిగినా, పాప బాగా పాడిందని మెచ్చుకున్నా ఇంగ్లీషులో అదే మాట. మనకు వెల వేరు, విలువ వేరు. పుట్టింది మాత్రం ఒకే కుదురులో. నాకు ఈ తేడా లక్డీకాపూల్ దగ్గర, రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రి చూసినప్పుడల్లా గుర్తొస్తుంది. ఆసుపత్రి పేరులోని నీలోఫర్‌కు రఫత్ అనే పరిచారిక ఉండేది. ఆమె సరైన వైద్యం అందక పురిట్లో కన్నుమూసింది. ఒట్టోమన్ వంశపు ఆడపడుచు, ఏడో నిజాం కోడలు నీలోఫర్ ఆ చావును మరిచిపోలేకపోయారు. ఇంకో రఫత్‌కు ఆ గతి పట్టకూడదని పట్టుబట్టారు. 1953లో ఆసుపత్రి వచ్చింది. ఎవరెంత వెల కట్టగలరు దానికి? ఏ ఊరి నుంచో బస్సు దిగిన తల్లులు, చంటిబిడ్డను కొంగులో పొదువుకుని, ఈ ఉదయమూ ఆ గేటు దాటుతుంటారు.