కుండ, కుమ్మరి, మట్టి మోసిన గాడిద

బూటు ఆకారంలో ఉండే ఇటలీకి మడమ దగ్గర పుల్యా ప్రాంతం ఉంది. అక్కడి గల్లిపోలి పట్టణం చుట్టుపక్కల ఆలివ్ చెట్లు ఎందుకు చస్తున్నాయో 2013 అక్టోబరులో తేలింది. ముందు ఆకు కొస మాడుతుంది. ఆ మాడు అంచుల వెంట లోపలికి పాకుతుంది. కొమ్మ ఎండుతుంది, చివరికి వందల ఏళ్ల మాను మోడై నిలబడుతుంది. నేలలో నీరు లేక కాదు. వేళ్లు తాగిన నీరు పైకెక్కే సన్నటి గొట్టాల్లో జైలెల్లా అనే బ్యాక్టీరియా పేరుకుపోయి దారి మూసేస్తుంది. మన వరి రైతుకు బాగా తెలిసిన ఎండాకు తెగులు బ్యాక్టీరియా దీనికి దూరపు చుట్టం. దాని కాపురం కూడా ఆ నీటి గొట్టాల్లోనే.

తాతముత్తాతలు నాటిన చెట్టు కళ్ల ముందు చచ్చిపోతుంటే రైతు అడిగేది ఒక్కటే: దీన్ని ఎవరు తెచ్చారు?

జవాబు ఆకు కాడలో దొరికింది. కాడను సన్నగా తరిగి, నూరి, డీఎన్‌ఏ తీసి, బ్యాక్టీరియా జన్యువులు ఏడింటిలో అక్షరాల వరుస చదువుతారు. ఒక్కో జన్యువు రూపానికి ఒక అంకె ఇస్తారు, ఏడు అంకెల కూర్పుకు మళ్లీ ఒక సంఖ్య ఇస్తారు. వేలిముద్ర లాంటిదే ఇది. పుల్యా ఆలివ్ తోటల తెగులుకు వచ్చిన సంఖ్య 53. కోస్టారికాలోని కాఫీ, గన్నేరు మొక్కల్లోనూ అదే 53 కనిపించింది. అక్కడి నుంచి ఐరోపాకు అలంకారం కోసం కుండీల్లో కాఫీ మొక్కలు వస్తుండేవి. తర్వాత మొత్తం జన్యుపటాలనే పోల్చి చూసిన శాస్త్రవేత్తలు, మధ్య అమెరికా నుంచి ఇది ఒక్కసారే వచ్చిందని, అది సుమారు 2008లో జరిగి ఉంటుందని అంచనా కట్టారు.

జాడ దొరికింది. కోపం చల్లారలేదు. తెగులు సోకిన చెట్టు చుట్టూ 100 మీటర్ల మేర, అది సోకే మొక్కలన్నీ నరకాలని ఐరోపా సమాఖ్య నియమం పెట్టేసరికి జనం రోడ్డెక్కారు. 2015 డిసెంబరులో లెచ్చే నగర ప్రాసిక్యూటర్లు నరికివేతను ఆపించి, తెగులు వ్యాప్తికి కారకులన్న అనుమానంతో శాస్త్రవేత్తలతో సహా 10 మందిపై దర్యాప్తు ప్రకటించారు. తెగులును గుర్తించినవాళ్లే ముద్దాయిల వరుసలో నిలబడ్డారు. అది అన్యాయం. 2019 మేలో ఆ కేసు మూతపడింది.

‘కారణం’ అన్న ఒక్క మాటలో ఎన్ని ప్రశ్నలు కలగాపులగమయ్యాయో చూడాలంటే మన తార్కికుల దగ్గరికి వెళ్లాలి. 17వ శతాబ్దంలో విశ్వనాథ పంచాననుడు భాషాపరిచ్ఛేదం అనే తర్కగ్రంథంలో కుండను ముందు పెట్టుకుని ఈ చిక్కు విప్పాడు. మట్టి, కుమ్మరి, సారె తిప్పే కర్ర కారణాలు. కుమ్మరి తండ్రి కారణం కాడు. మట్టి మోసుకొచ్చిన గాడిదా కారణం కాదు. కుండకు ముందు ఉన్న ప్రతిదీ కారణమైపోదు. అది లేకపోయినా ఆ పని జరిగేదైతే దాన్ని ‘అన్యథాసిద్ధం’ అని పక్కన పెట్టాలి. గాడిద లేకపోతే బండి మోసేది.

ఈ కొలత పట్టి చూస్తే పుల్యాలో బ్యాక్టీరియా కుమ్మరి, దాన్ని చెట్టు నుంచి చెట్టుకు చేర్చే చిన్న పురుగు సారె తిప్పే కర్ర. డీఎన్‌ఏ ముద్ర పట్టిచ్చింది కుమ్మరి తండ్రిని, అంటే కోస్టారికాలోని పూర్వీకుణ్ణి. తండ్రి తానే సారె ముందు కూర్చుంటే కుమ్మరిగా అతనూ కారణమే, తండ్రిగా మాత్రం కాదని ఆ గ్రంథం వ్యాఖ్యానంలో ఒక సవరణ కూడా ఉంది. కోస్టారికా కాఫీ రైతును ఆలివ్ చెట్ల చావుకు నిందించడం ఎందుకు తప్పో ఆ సవరణ చెబుతుంది.

కానీ గాడిద విషయంలో తార్కికులతో పేచీ పెట్టుకోక తప్పదు. ఏదో ఒక కుండకు గాడిద తప్పనిసరిగా ముందుందని వాళ్లూ ఒప్పుకుంటారు. అయినా కుండలన్నిటికీ కలిపి లెక్క చూసినప్పుడు అది అనవసరం అంటారు. రైతు అడిగేది కుండలన్నిటి సంగతి కాదు, తన వాకిట్లో పగిలిన ఈ ఒక్క కుండ సంగతి. వేలిముద్ర శాస్త్రం గొప్పతనం అక్కడే ఉంది. తర్కం తోసేసిన గాడిదను అది పేరుపెట్టి వెనక్కి పిలుస్తుంది: ఈ తెగులు, ఈ దారిన, ఈ మొక్క మీదెక్కి వచ్చింది. కుండీలోని కాఫీ మొక్కను దోషిగా నిలబెట్టడం అర్థం లేని పని. దాన్ని రేవులో ఆపడం మాత్రం ఎంతో అవసరం. 2015లో ఐరోపా చేసిందదే, కోస్టారికా, హోండురస్‌ల నుంచి నాటే కాఫీ మొక్కల దిగుమతిని నిషేధించింది. శిక్ష కోసం వెతికే కారణమూ, రక్షణ కోసం వెతికే కారణమూ ఒకటే కానక్కర్లేదు. లెచ్చేలో ఆ రెండూ కలిసిపోయి విలువైన ఏళ్లు కరిగిపోయాయి.

ఇప్పుడు పుల్యాలో వసంతం వచ్చిందంటే గడ్డి కాడలకు ఉమ్మిలాంటి తెల్లటి నురగ అంటుకుని కనిపిస్తుంది. వేలితో తోసి చూస్తే లోపల పిల్లపురుగు ముడుచుకుని ఉంటుంది. దానికింకా రెక్కలు రాలేదు, బ్యాక్టీరియాను చెట్టుకు చేర్చే శక్తీ లేదు. రెక్కలొచ్చి కొమ్మల మీదికి ఎగిరేలోపే రైతులు ఆ గడ్డిని దున్నేస్తున్నారు. తెగులును కొంత తట్టుకునే లెచ్చీనో రకం కొమ్మను తెచ్చి, తాతల నాటి మాను మీద అంటుకడుతున్న వాళ్లూ ఉన్నారు.