ఆప్తుడి మాట, అగ్ని ప్రమాద అంచనా

ఒక కట్టడంలో నిప్పు ఎక్కడ పుట్టవచ్చు, ఎటు పాకుతుంది, లోపలివాళ్లు ఏ దారిన బయటపడతారు అన్నవి ముందుగా చూసి చెప్పడమే అగ్ని ప్రమాద అంచనా. ఆ మాట నమ్మి కూలీలు షెడ్డులో పనిచేస్తారు, రోగులు మంచం మీద నిద్రపోతారు. ఇలా మరొకరి మాట వల్ల కలిగే జ్ఞానాన్ని న్యాయదర్శనం శబ్దప్రమాణం అంటుంది. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు నమ్మదగిన ఆప్తుడికి రెండు లక్షణాలు చెప్పాడు: విషయాన్ని ఉన్నదున్నట్టు స్వయంగా ఎరిగి ఉండాలి, ఎరిగినది ఎరిగినట్టే చెప్పాలన్న కోరిక ఉండాలి. రుషికైనా మ్లేచ్ఛుడికైనా ఇదే లక్షణమన్నాడు. హోదా, ముద్ర, సంతకం ఎవరినీ ఆప్తుణ్ణి చేయవన్నమాట.

మొదటి లక్షణం ఎంత బరువైనదో ఆంధ్రప్రదేశ్‌లోని పొదిలి ప్రాంతంలో తెలుస్తుంది. పొగాకు, పత్తి, మిర్చి పండే ఈ నేలలో నిప్పు ఒక్కో సరుకులో ఒక్కో తీరున దాక్కుంటుంది. పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో పొయ్యి వేడి ఇనుప గొట్టాల గుండా తిరుగుతుంది. పైన కర్రలకు అల్లిన ఆకు ఎండాక ఒక్కటి జారి గొట్టం మీద పడినా బ్యారన్ అంతా అంటుకోవచ్చు. కింది వరుస ఆకుకూ గొట్టానికీ మధ్య జాగా ఎంతుంది, అతుకుల దగ్గర తుప్పుకు చిల్లులు పడ్డాయా అన్నది వంగి, దీపం పట్టి చూస్తేనే తెలుస్తుంది. జిన్నింగ్ మిల్లులో సంగతి వేరు. పత్తితో వచ్చిన ఇనుప ముక్క యంత్రానికి తగిలి రవ్వ లేస్తే అది దూదిలో చిక్కుకుని బేలులోకి పోతుంది. గట్టిగా నొక్కిన బేలు లోపల మంట లేకుండా రోజుల తరబడి రాజుకుంటుంది. పైపైన నీళ్లు కొట్టి ఆరిందనుకుంటే ప్రమాదమే. గోడకున్న ఎర్ర సిలిండర్లు లెక్కపెట్టుకుని వెళ్లే మనిషికి ఇవేవీ కనిపించవు. అతను అబద్ధమాడలేదు, అయినా ఆప్తుడు కాడు.

అయితే తెలియకపోవడం తప్పవుతుందా? అనుమానాలను అణచుకుని, ఓడ బాగానే ఉందని మనస్ఫూర్తిగా నమ్మి సముద్రంలోకి పంపిన యజమాని కథను 1877లో ఆంగ్ల తత్త్వవేత్త క్లిఫర్డ్ రాశాడు. ఆధారం లేకుండా అలా నమ్మే హక్కు అతనికి లేదు కనుక, ఓడ క్షేమంగా చేరినా దోషం తొలగదన్నాడు. అంచనా వేసేవారికి ఈ తీర్పు ఇంకా గట్టిగా వర్తిస్తుంది. సంతకం పెట్టడమంటేనే తెలుసునని చెప్పడం.

రెండో లక్షణానికి పరీక్ష ఫీజు దగ్గర వస్తుంది. డబ్బిచ్చేది యజమాని, ప్రాణం ఒడ్డేది కూలీ. తన గురించి తాను చెప్పుకునే మాటలోనూ ఈ లక్షణం లోపించవచ్చు. లండన్‌లో 2017 జూన్ 14న గ్రెన్‌ఫెల్ టవర్ కాలి 72 మంది చనిపోయారు. ఆ భవనానికి అంచనా వేసిన వ్యక్తి తన అర్హతల్లో కొన్ని కల్పించి చెప్పుకున్నాడని 2024 నాటి విచారణ నివేదిక తేల్చింది. ఈ వృత్తిలోని వారికి గుర్తింపు తప్పనిసరి చేయాలని కోరింది.

కట్టడం వాడకం మారితే అంచనా కూడా మారాలి. విజయవాడలో 2020 ఆగస్టు 9న కొవిడ్ రోగులను ఉంచిన హోటల్‌లో మంటలు రేగి 10 మంది మరణించారు. లేచి నడిచే అతిథికి సరిపోయిన మెట్లదారి ఆయాసపడే రోగికి సరిపోదు. అందుకే నిజాయితీగల నివేదిక తాను చూసిన వాడకం ఏదో, ఏ తేదీనో రాస్తుంది. తాళం తీయని గదిని, నడిపి చూడని పంపును కూడా చూడలేదనే నమోదు చేస్తుంది.